జూరకాన్ హస్తవాసి

జూరకాన్‌కి రెండు పనుల్లో తనకి సాటి లేరని గట్టి నమ్మకం. ఒకటి, ఒంట్లో ఏ ఎముక ఎక్కడ అలిగి కూర్చుందో వేలికొసతో కనిపెట్టడం. రెండోది తిట్టడం. మొదటిదాన్ని నరిన్ ఏటి పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ ఒప్పుకున్నాయి. రెండోదాన్ని ఒప్పుకోనివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ఆవిడ చేతికింద ఒక్కసారీ పడుకోనివాళ్ళై ఉండాలి.

మనిషి పొట్టి. తలకి తెల్లగుడ్డ చుట్టుకుని వాకిట్లో నిలబడితే వానకి లేచిన పుట్టగొడుగులా ఉండేది. చేతులు మాత్రం ఆ ఒంటికి సరిపోయేవి కావు. అరచేతులు రొట్టె పీటల్లా వెడల్పు. వేళ్ళు పొట్టి. బొటనవేళ్ళు వెనక్కి వంగి ఉండేవి. దేవుడు ఎవరో గొర్రెలకాపరి కోసం చేసి పక్కన పెట్టుకున్న చేతుల్ని తొందరలో ఈవిడకి తగిలించాడని మొగుడు సత్తార్ బతికున్నన్నాళ్ళూ ఏడిపించేవాడు. "మరి నాలుక ఎవరికోసం చేశాడో?" అని అడిగితే మాత్రం అటూ ఇటూ చూసి గుర్రం దగ్గరికి పోయేవాడు.

ఊరందరికీ ఆవిడ అపా, అంటే అమ్మ. పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా నొప్పి పుడితే అపా అనే పిలిచేవాళ్ళు. నొప్పి తగ్గాక మళ్ళీ జూరకాన్ అనేవాళ్ళు. అది ఆవిడ బాగా గుర్తుపెట్టుకునేది.

నడుం పట్టేసిన కాపర్లని గుర్రం మీద అడ్డంగా వేసుకుని తెచ్చేవాళ్ళు. చలికాలం మేత దగ్గర మంచులో పడుకుని, పొద్దున్నే గొర్రెని ఎత్తబోయి అక్కడే ఉండిపోయినవాళ్ళు.

"బోర్లా పడుకో," అనేది జూరకాన్.

"పడుకుంటే లేవలేను అపా."

"లేవమని ఎవరన్నారు? నువ్వు లేవకపోతే మీ ఆవిడ నాకో గొర్రెపిల్లని ఇస్తానంది."

గొర్రెతోక కొవ్వు వేడిచేసి వీపంతా పట్టించి, మెడ మొదలు నుంచి నడుం దాకా వెన్నుపూసల పక్కగా రెండు బొటనవేళ్ళూ నడిపించేది. ఒక్కోచోట ఆగేది. ఆగినచోట కళ్ళు మూసుకునేది. మూసుకున్న కళ్ళతో నొక్కేది. కింద ఉన్నవాడు తన తాతముత్తాతలందర్నీ పేరుపేరునా తలుచుకునేవాడు. అరగంట తర్వాత అసలు వైద్యం మొదలు.

"ఇప్పుడు దూడలా నడువు."

అరవయ్యేళ్ళ మనిషి, ఊరి పంచాయితీల్లో మాట చెప్పే మనిషి, మనవల ఎదురుగా నాలుగుకాళ్ళ మీద గది చుట్టూ తిరగాలి.

"నడుం ఊపు. తోక ఊపినట్టు."

"తోక లేదుగా అపా."

"ఉందనుకో. బుర్ర ఉందనుకుని ఇన్నేళ్ళు బతికావుగా."

ఏడు చుట్లు తిరిగేసరికి నడుం వదిలేది. వచ్చిన గుర్రం మీదే నిటారుగా కూర్చుని వెళ్ళేవాళ్ళు. గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, ఆవిడ నవ్వుతోందా అని. నవ్వుతూనే ఉండేది.

ఈ హస్తవాసి ఆవిడకి మేనత్త సాలికా దగ్గరనుంచి వచ్చింది. అది ఊరికే రాదు. నేర్చుకుంటే వచ్చేది పనితనం. చెయ్యి మాత్రం ఇస్తేనే వస్తుంది. ఇచ్చేముందు ఒక పరీక్ష ఉంది. మట్టికూజాని మేకతోలు సంచిలో వేసి, మూతి బిగించి, కర్రతో బాదుతారు. సంచి విప్పకుండా, పైనుంచి తడుముతూ, లోపలి పెంకుల్ని ఒక్కొక్కటీ దాని చోటికి చేర్చి మళ్ళీ కూజా ఆకారం నిలబెట్టాలి. జూరకాన్‌కి పంతొమ్మిదో ఏట మూడు రోజులు పట్టింది. మూడోరోజు సాలికా సంచిని రెండు చేతులతో పట్టి చూసి, మేనకోడలి అరచేతుల్లో మూడుసార్లు ఊది, "నా చెయ్యి కాదు, పిల్లాజెల్లాని కాచే ఉమాయ్ తల్లి చెయ్యి. తీసుకో," అంది.

తీసుకోవడం బాగానే ఉంది. ఇచ్చినవాళ్ళ సంగతే బాగుండదు. చెయ్యి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇచ్చేశాక మళ్ళీ రోగి ఒంటిమీద వేలు పెడితే ఇద్దరి చేతులూ చచ్చుబడతాయని మాట. సాలికా ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. రోగులు వస్తే ఆవిడని దూడల దగ్గరికి పంపేవాళ్ళు, చూస్తే చేతులు ఊరుకోవని. ఆ పదకొండేళ్ళూ ముసలామె చేతులు చొక్కా చేతుల్లోకి ముడుచుకుని తిరగడం జూరకాన్ చూసింది. అన్నం తినేటప్పుడు తప్ప అవి బయటికి వచ్చేవి కావు.

అందుకే కోడలు ఆయ్‌నెక్ విషయంలో అన్ని అబద్ధాలు ఆడింది.

ఆయ్‌నెక్ సన్నగా ఉండేది. మాట తక్కువ. కొడుకు మెలిస్ ఏడాదిలో సగం గొర్రెలతో కొండమీద ఉంటాడు కాబట్టి ఇంట్లో అత్తాకోడళ్ళే. కొవ్వు కాచడం, బద్దలు చెక్కడం, అత్త లాగుతుంటే రోగిని కదలకుండా పట్టుకోవడం కోడలి పని. చెయ్యి రానివాళ్ళు పట్టుకోవచ్చు, ఒత్తకూడదు. వచ్చిన రెండో ఏడు జూరకాన్ సరదాకి సంచి ఆమె ముందు పడేసింది. పొద్దున కూర్చున్న పిల్ల మధ్యాహ్నం టీ వేళకి లేచింది. జూరకాన్ సంచిని పట్టి చూసింది. ఎక్కడా తప్పు లేదు. మళ్ళీ చూసింది. కూజా పిడి కూడా దాని చోటే ఉంది.

"కూజా ఏడవదు అమ్మాయ్," అంది చివరికి. "మనిషి ఏడుస్తాడు. ఏడ్చేవాడి ఎముక పట్టుకున్నప్పుడు చూద్దాం."

"సరే అపా."

ఆ ఏడు కోడలు కడుపుతో ఉందంది. మరుసటేడు గొర్రెలకి రోగం వచ్చిందంది. ఆ తర్వాతేడు సత్తార్ పోయాడు, ఏడాది తిరగకుండా శుభం చెయ్యకూడదంది. ఆ తర్వాత కారణాలు వెతకడం కూడా మానేసింది. అడిగేవాళ్ళు ఉంటే కదా. ఆయ్‌నెక్ ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

పక్కింటి బుర్మకాన్ మాత్రం అడిగేది. ఆవిడకి జూరకాన్‌తో యాభై ఏళ్ళ స్నేహం, యాభై ఏళ్ళ పోట్లాట.

"చెయ్యి నీతోపాటు గోతిలో పెట్టుకుంటావా? అక్కడ ఎవరికి తోముతావు, పురుగులకా?"

"ముందు నువ్వు పోతావులే. నీ మెడ సరిచేసి పంపాలిగా. అక్కడ కూడా పక్కింట్లోకి తొంగిచూడాలి కదా నువ్వు."

తిమ్మిరి ఎప్పుడు మొదలైందో జూరకాన్‌కే సరిగ్గా తెలియదు. తెలిసిన రోజు మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తుంది. బుర్మకాన్ టీకి వచ్చి కూర్చుంది. జూరకాన్ టీనీళ్ళు మరుగుతున్న ఇత్తడి సమోవార్‌కి చేతులు ఆనించి కబుర్లు చెబుతోంది. చెబుతూనే ఉంది. కాసేపటికి ఆయ్‌నెక్ పిల్లలు ముక్కులు ఎగబీల్చారు. గొర్రె తల కాలుస్తున్నట్టు వాసన.

"అపా, చెయ్యి," అంది ఆయ్‌నెక్.

జూరకాన్ చేతులు తీసి చూసుకుంది. మూడు వేళ్ళ చివర తెల్లగా పొంగాయి. ఒక్క క్షణం ఆవిడ మొహం ఎవరిదోలా అయిపోయింది. ఆ తర్వాత నవ్వింది.

"ఉమాయ్ తల్లి చేతికి నిప్పు అంటుతుందా?" అంది.

పిల్లలు నోళ్ళు తెరిచారు. వారం తిరగకుండా ఊళ్ళో పిల్లలందరూ వచ్చి నాన్నమ్మ నిప్పు పట్టుకోవడం చూపించమని అడిగారు. ఆవిడ ఇద్దరు ముగ్గురికి చూపించింది కూడా. పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి అరచేతిలో దొర్లించి మళ్ళీ వేసేది. గొప్పకి పోయి ఆ బొబ్బలతో నెలరోజులు రొట్టె పిండి కూడా కలపలేకపోయింది.

నవ్వని మనిషి ఆయ్‌నెక్ ఒక్కతే. బొబ్బలకి కొవ్వు రాస్తూ వేలి చివర గోరుతో కొంచెం గుచ్చింది. అత్త చెయ్యి లాక్కోలేదు. మళ్ళీ గుచ్చింది. జూరకాన్ బుర్మకాన్‌తో ఏదో చెబుతూనే ఉంది.

ఒకరోజు కోడలు ఏటికి వెళ్ళినప్పుడు జూరకాన్ గొర్రెల కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెంట ఒక కూజా, పాత మేకతోలు సంచి. కర్రతో రెండే దెబ్బలు కొట్టింది, పెంకులు పెద్దవిగా ఉండాలని. అంటే తనకి తనే పరీక్ష సులువు చేసుకుంది. గడ్డి మీద కూర్చుని తడమడం మొదలుపెట్టింది. వేళ్ళకి తోలు తెలుస్తోంది, లోపల గట్టిగా ఏదో ఉందనీ తెలుస్తోంది. అంచు ఏదో వంపు ఏదో తెలియడం లేదు. దుప్పటి మీద నుంచి రాయిని తడిమినట్టుంది. ఎండ తలుపు సందులోంచి గోడ మీదికి ఎక్కేదాకా కూర్చుంది. చివరికి కూజా నిలబడిందనిపించి సంచి మూతి విప్పింది. మెడ ముక్క అడుగున ఉంది. పిడి లోపలికి తిరిగి ఉంది. గొర్రెలు నెమరేస్తూ ఆవిడ వైపే చూస్తున్నాయి.

"ఏం చూస్తున్నారే?" అంది వాటితో.

పెంకుల్ని పేడకుప్పలో పూడ్చి ఇంట్లోకి వచ్చింది. ఈ మంచు కరగనీ, వసంతంలో చెయ్యి ఇచ్చేస్తా అనుకుంది. ఈసారి నిజంగానే అనుకుంది. అప్పటిదాకా నెట్టుకురావడానికి చెవులున్నాయి. కీలు చోటికి వచ్చేటప్పుడు టక్కుమంటుంది. నలభై ఏళ్ళుగా వింటున్న చప్పుడు. ఆ చలికాలమంతా జూరకాన్ చెవులతోనే వైద్యం చేసింది. భుజాలు, మోకాళ్ళు, పట్టేసిన మెడలు బాగానే గట్టెక్కాయి. నడుం నొప్పులకి దూడ నడకలు ఎటూ ఉన్నాయి.

మంచు కరగడానికి ఇంకా మూడు వారాలున్నాయనగా రకియా ఊటబావి దగ్గర జారిపడింది.

రకియా ఉన్ని తివాచీలు కుట్టే మనిషి. పొట్టేలు కొమ్ముల ముగ్గు కత్తిరించి, రెండు రంగుల ఉన్నిని అతికి, ఒంటెవెంట్రుక దారంతో కుట్టేది. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ సూది మీదే ముగ్గురూ బతికేవాళ్ళు. నీళ్ళ బకెట్లతో పడుతూ కుడిచెయ్యి ఆనించింది. మణికట్టు చెంచా వంగినట్టు వంగిపోయింది.

మొహం తెల్లగా పాలిపోయి తనే నడుచుకుంటూ వచ్చింది.

"బకెట్ పగిలిందా?" అని అడిగింది జూరకాన్.

"లేదు అపా."

"అయితే ఫరవాలేదు. చెయ్యి మళ్ళీ అతుక్కుంటుంది, బకెట్ అతుక్కోదు. కూర్చో."

రకియా నవ్వబోయింది. ఆయ్‌నెక్ వెనక కూర్చుని ఆమె ముంజేతిని, విరిగినచోటికి కాస్త పైన, రెండు చేతులతో పట్టుకుంది. జూరకాన్ వేళ్ళు పెనవేసి లాగింది. రకియా పంటికింద తలగుడ్డ కొస కరిచిపెట్టి మూలిగింది. జూరకాన్ ఆమె మణికట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కుతూ తలవంచి వింది. లాగుతున్న చేతిలో టక్కుమంది.

"వచ్చేసింది," అంది.

అది ఎముక కాదు. లాగినప్పుడు రకియా మధ్యవేలి కణుపు విరిచినట్టు చప్పుడైంది, అంతే. ఆ సంగతి ఆయ్‌నెక్‌కి తెలుసు. ఆమె వేళ్ళ కింద ఎముక ఇంకా మెట్టులా ఉంది. కొంచెం కూడా కదలలేదు.

"అపా," అంది ఆయ్‌నెక్. "ఇంకాసేపు పట్టుకోనా?"

"దేనికి?"

"ఊరికే."

జూరకాన్ తలెత్తింది. ఆ చూపులో కోపం ఉంది. కోపం వెనక ఇంకోటి ఉంది. దాన్నీ ఆయ్‌నెక్ చూసింది. రోగి ఎదురుగా చేతిని శంకిస్తే ఆ చెయ్యి అక్కడే విరుగుతుందని అందరికీ తెలుసు. పైగా కోడలు. అత్త ఎదుట వీపు కూడా తిప్పి నడవని కోడలు.

"గుడ్డిదాన్ని నేనా నువ్వా?" అంది జూరకాన్.

"ఏం లేదు అపా."

తడిపిన ఉన్ని చుట్టి, బద్దలు పెట్టి, కట్టు బిగించారు. రకియా ఎడంచేత్తో టీ తాగి, జూరకాన్ భుజానికి తల ఆనించి కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత కట్టు మీద కొవ్వు పోయించుకోవడానికి వచ్చింది. వేళ్ళు వాచి ఉన్నాయి. ఆమె వెళ్ళాక ఆయ్‌నెక్ పొయ్యి ముందు కూర్చుని, అత్త వైపు చూడకుండా అంది.

"కట్టు ఒకసారి విప్పి చూస్తే ఏం అపా?"

"నా కట్టు నేనే విప్పుకోవాలా?"

"వాపు ఉంది కదా అని."

"వాపు ఉంటుంది. వాచకపోతే అది చెయ్యి కాదు, గరిటె." ఆ తర్వాత, మాట మార్చినట్టు, "నీకేమైనా తెలిసిందా ఆరోజు?" అంది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఎముక ఇంకా పచ్చిగానే ఉంది. మళ్ళీ లాగితే వచ్చేది. జూరకాన్ ఎప్పుడూ అడగని మనిషి, అడిగింది. కానీ అడుగుతున్నప్పుడు ఆవిడ చేతులు రెండూ చొక్కా చేతుల్లోకి ముడుచుకుని ఉన్నాయి. ఆయ్‌నెక్ ఆ చేతుల వంక చూసి, "నాకేం తెలుస్తుంది అపా," అంది.

జూరకాన్ గట్టిగా ఊపిరి వదిలింది. అది ఊరట అని ఆయ్‌నెక్ అనుకుంది. కాదని తర్వాత తెలిసింది.

ఆరు వారాలకి కట్టు విప్పారు. గుడ్డ మడతలన్నీ పోయాక బయటపడ్డ మణికట్టు, పడిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వంగిన చెంచా. ఎముక అక్కడే, అలాగే, గట్టిగా అతుక్కుంది. జూరకాన్ దానికి వేళ్ళు ఆనించలేదు. చూస్తే చాలు.

రకియా వేళ్ళు ముడవబోయింది. ఉంగరపువేలు, చిటికెనవేలు రాలేదు. సూది పట్టినట్టు బొటనవేలూ చూపుడువేలూ కలపబోయింది. అవి కలవలేదు. మధ్యలో ధాన్యపుగింజ పట్టేంత ఖాళీ మిగిలింది.

"కొన్నాళ్ళకి సర్దుకుంటుందేమో," అంది రకియా. అత్తాకోడళ్ళకి ధైర్యం చెబుతున్నట్టు అంది. "నా రాత, అపా. మంచు మీద చూసుకోకుండా నడిచింది నేనే కదా."

ఆమె తిట్టి ఉంటే జూరకాన్ తట్టుకునేది. తిట్లంటే ఆవిడకి తెలుసు, తిరిగి అనడం తెలుసు. రకియా వెళుతూ వెళుతూ తను తెచ్చిన వేయించిన పిండిముక్కల మూట కూడా అక్కడే పెట్టి వెళ్ళింది. దాన్ని మూడు రోజులు ఎవరూ విప్పలేదు. చివరికి కుక్కకి వేశారు.

ఆయ్‌నెక్ రకియాని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి కుర్ర డాక్టరు ఎక్స్‌రే బొమ్మ తీసి దీపానికి అడ్డంపెట్టి చూసి, మొదటి పదిరోజుల్లో వచ్చి ఉంటే చేతితోనే సరిచేసేవాళ్ళమన్నాడు. మళ్ళీ విరిచి ఇనుపముక్క వేసి కట్టారు. మణికట్టు చూడ్డానికి తిన్నగా వచ్చింది. ఆ రెండు వేళ్ళు మాత్రం లేవలేదు, నరం నలిగిపోయిందన్నారు. సగం కుట్టిన తివాచీని రకియా వదినగారికి ఇచ్చేసింది. ఎడంచేత్తో కుట్టబోయింది కొన్నాళ్ళు. కొమ్ముల ముగ్గు పురుగుల్లా వంకరలు పోయింది. పెద్దకూతురిని బడి మాన్పించి పాలు పితికే పనికి పెట్టింది.

ఊళ్ళోవాళ్ళు రావడం మానేశారంతే. నడుం పట్టేసిన కాపర్లు జూరకాన్ గేటు ముందునుంచే, గుర్రం మీద వంగిపోయి, ఆసుపత్రి దారి పట్టేవాళ్ళు. గేటు దగ్గర మాత్రం మర్యాదకి నిటారుగా కూర్చోబోయేవాళ్ళు. అది చూసి జూరకాన్ కిటికీలో కూర్చోవడం మానేసింది.

బుర్మకాన్ ఒక్కతే వచ్చేది.

"తిట్టవే," అనేది. "నువ్వు తిట్టకపోతే నాకు టీ దిగట్లేదు."

"నోరు కూడా తిమ్మిరెక్కింది," అంది జూరకాన్. యాభై ఏళ్ళలో తిమ్మిరి మాట ఆవిడ నోటివెంట రావడం అదే మొదలు. బుర్మకాన్ గిన్నె కింద పెట్టి ఆవిడ చేతులు పట్టుకుంది. మంచులో వదిలేసిన చేతితొడుగుల్లా చల్లగా ఉన్నాయి ఆ చేతులు.

మంచు పూర్తిగా కరిగాక, గొర్రెలు పైకి కదలబోయే ముందు, ఒక శుక్రవారం జూరకాన్ పొద్దున్నే గొర్రెని కోయించింది. బుర్మకాన్‌నీ ఇంకో ఇద్దరు పెద్ద ఆడవాళ్ళనీ పిలిచింది. పిండిముక్కలు వేయించారు. తెల్ల తలగుడ్డలు కట్టుకుని అందరూ తివాచీ చుట్టూ కూర్చున్నారు. ఎందుకు పిలిచిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మాంసం తిన్నాక, చేతులు కడుక్కున్నాక, జూరకాన్ మోకాళ్ళ మీద జరిగి కోడలి ఎదురుగా కూర్చుంది.

"అరచేతులు పట్టు అమ్మాయ్."

ఆయ్‌నెక్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"పట్టు. నా ఊపిరి ఉండగానే ఊదనీ."

"వద్దు అపా."

పెద్దావిడలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బుర్మకాన్ సర్దబోయింది. "సిగ్గుపడుతోంది. పట్టవే పిల్లా, ఆరేళ్ళు కాచుకున్నావు."

"సిగ్గు కాదు," అంది ఆయ్‌నెక్. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆ గదిలో అంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆరోజు రకియా అక్క చెయ్యి నా చేతుల్లో ఉంది. ఎముక రాలేదు. నాకు తెలిసింది. వారం తర్వాత అపా అడిగింది. అప్పుడూ తెలుసు. చెప్పలేదు."

"కోడలివి, ఎలా చెబుతావు?" అంది పెద్దావిడల్లో ఒకామె.

"కోడల్నే. నా చేతుల్లో ఎముక ఉంది కదా అమ్మమ్మా, అది కోడలో కూతురో చూడదు కదా." ఆయ్‌నెక్ అత్త వైపు తిరిగింది. "కూజా ఏడవదు అన్నావు అపా. మనిషి ఏడ్చింది. నేను ఊరుకున్నాను. ఆ పరీక్షలో నేను తప్పాను. ఇంక ఆ చెయ్యి నాకు వద్దు."

జూరకాన్ ముందుకి చాపిన చేతుల్ని వెంటనే వెనక్కి తీసుకోలేదు. అవి అలా గాల్లోనే ఉన్నాయి. ఎంతసేపు చాపిందో ఆ చేతులకి తెలియదు కాబట్టి కావచ్చు.

"నాకు తెలియకే అడిగాను," అంది ఆవిడ, ఎవరితోనో. "తెలిస్తే అడుగుతానా? నువ్వు చెబుతావేమో అని అడిగాను."

పెద్దావిడలు ఇళ్ళకి పట్టుకెళ్ళాల్సిన మాంసం మూటలు కట్టుకోకుండానే లేచి వెళ్ళారు. బుర్మకాన్ చివరిదాకా కూర్చుని, గిన్నెలు తనే కడిగిపెట్టి పోయింది.

ఆ వేసవి అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు బాగానే ఉన్నారు. అదే విచిత్రం. పాలు తోడుపెట్టేవాళ్ళు, ఉన్ని దువ్వేవాళ్ళు. ఆయ్‌నెక్ అత్త స్నానానికి నీళ్ళు కాచి వేడి తనే చూసేది. పిల్లలకి జ్వరం వస్తే ఇద్దరూ పక్కన కూర్చునేవాళ్ళు. నుదురు మాత్రం ఆయ్‌నెక్ పట్టి చూసేది. చేతి మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మెలిస్ కొండమీద నుంచి దిగివచ్చి సంగతి విని, ఇద్దరి మొహాలూ చూసి, తనకి తోచిన ఒకే ఒక్క పని చేశాడు. తలుపు బందులకి నూనె వేశాడు.

తొలి మంచు పడిన మధ్యాహ్నం ఎవరో పైలోయ వాళ్ళు బండిలో ఒక మనిషిని తెచ్చారు. రకియా సంగతి వాళ్ళకి తెలియదు. గుర్రం మీద నుంచి పడ్డాడట. నలభై ఏళ్ళుంటాయి, పెద్ద మనిషి, పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఎడమభుజం కిందికి జారి, చెయ్యి ఎవరో తగిలించడం మరిచిపోయినట్టు వేలాడుతోంది.

"అపా," అంది వాడి పెళ్ళాం. "ముట్టుకోనివ్వట్లేదు. నీ పేరు చెబితే సరే అన్నాడు."

జూరకాన్ వాకిట్లో నిలబడింది. ఆయ్‌నెక్ గడపలో నిలబడింది. ఆ మనిషి ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి ఈమె వైపు చూశాడు. ఇద్దరిలో చెయ్యి ఎవరిదో వాడికి తెలియడం లేదు. ఆయ్‌నెక్ అడుగు ముందుకి వేసింది. నిజంగానే వేసింది. మంచు మీద ఆ ఒక్క అడుగు పడింది. ఆ తర్వాత చేతులు ఏప్రాన్ కిందికి పోయాయి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అంది జూరకాన్. "ఇక్కడ ఎవరూ లేరు."

"నువ్వు ఉన్నావుగా అపా."

"లేను."

పెళ్ళాం వింతగా చూసింది. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు, మధ్యలో కనుమ, మంచు పడుతోంది. ఆ సంగతి ఆమె చెప్పింది. జూరకాన్ తెలుసంది. ఆ మనిషి అప్పుడు ఏడవడం ఆపి, "నేనేం చేశాను అపా?" అని అడిగాడు.

బండి తిప్పుకున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా వాడి అరుపు వినిపించింది. ఊరి చివరి పోప్లర్ చెట్ల దాకా వినిపించింది. ఆ తర్వాత గాలి అటు తిరిగింది.

"ఎడమది," అంది జూరకాన్. "చంకలో మడమ పెట్టి కిందికి లాగి, ఒక్కసారి బయటికి తిప్పితే..."

"తెలుసు అపా."

"నిదానంగా తిప్పాలి."

"తెలుసు."

జూరకాన్ గేటు దగ్గరికి నడిచింది. గొళ్ళెం వెయ్యబోయింది. మంచు పట్టిన ఇనుము వేళ్ళ మధ్య ఎక్కడుందో తెలియక రెండుసార్లు జారిపోయింది. ఆయ్‌నెక్ వచ్చి వేసింది.